లోహముపై లాంఛనము: తామ్రశాసనము నుండి పందెపు కప్పు వరకు

గెలిచినవాని పేరు కొంతకాలము జనుల నోట నిలుచును. ఆ మీదట అది ఏదో యొక వస్తువుపై నిలువవలసినదే. సంక్రాంతి వచ్చినదనగా కోనసీమ పల్లెలలో కబడ్డీ, వాలీబాలు, క్రికెట్టు పోటీలు మొదలగును. ఆత్రేయపురమున 2025వ సంవత్సరపు సంక్రాంతికి సర్ ఆర్థర్ కాటన్ గోదావరి ట్రోఫీ అను పేర పడవపందెములు జరిగినవి. పందెము ముగిసిన పిమ్మట గెలిచినవారి చేతికి వచ్చునది ఒక కప్పో, షీల్డో. దాని దిమ్మెపై చిన్న రేకు. ఆ రేకుపై సంఘము చిహ్నము, పోటీ పేరు, సంవత్సరము. నేడు ఈ చిహ్నమును, ఈ అక్షరములను చెక్కునది చాలచోట్ల ఉలి కాదు, లేజరు కిరణము. అయితే కిరణము తనంత తాను ఏమియు గీయజాలదు. దానికి ముందుగా ఒక బొమ్మను సిద్ధపరచి యీయవలెను. ఈ పని నిన్న మొన్న పుట్టినదని పలువురు తలంతురు. మన గోదావరీ తీరమున దానికి వేయేండ్లకు మించిన చరిత్ర కలదనియు, ఆ చరిత్రలోని నీతి నేటి కప్పునకు సైతము అక్కరకు వచ్చుననియు ఈ ప్రసంగమున చూపదలచినాము.

నేడు లోగో అనుచున్నదానిని పూర్వులు లాంఛనమనిరి. వేంగీ చాళుక్యుల లాంఛనము వరాహము. 7వ శతాబ్ది పూర్వార్ధమున కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిలో రాజ్యము నెలకొల్పిన నాటనుండి ఆ వంశపు రాజులు దానములను రాగిరేకులపై వ్రాయించి యిచ్చుచుండిరి. రేకులన్నిటికిని ఒక రంధ్రము చేసి, అందులో రాగి కడియమును దూర్చి, కడియపు కొనలను ఒక గుండ్రని ముద్రలో బిగించెడివారు. ఆ ముద్రయే రాజు చేవ్రాలు. శ్రీ త్రిభువనాంకుశ అను బిరుదము దాని నడుమ అడ్డముగా ఉండును. పైన వరాహము, సూర్యచంద్రులు, దాపున అంకుశము, క్రింద పద్మము. ముద్ర వెడల్పు కొన్ని అంగుళములకు మించదు. అంత చిన్న చోట ఇన్ని గురుతులు ఇమిడియు, ఒకటి మరియొకదానితో కలసిపోక విడివిడిగా నిలిచినవి. వరాహమును ప్రక్కనుండి చూచినట్లు చూపుటచే దాని మూపు, ముట్టె ఒక్క గీతలో తెలియుచున్నవి. రంగు లేదు, నీడ లేదు, ఆకారమొక్కటియే ఉన్నది. చిన్న లోహపు బిళ్లపై గురుతు ఎట్లుండవలెనో నేటి చిత్రకారునికి ఇంతకన్న మంచి పాఠము లేదు.

ఇట్టి శాసనములలో కోనసీమవారు గర్వముతో చెప్పుకొనదగినది నందంపూడి శాసనము. రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడయ్యెను. తన పాలనలో 32వ యేట, అనగా 1053లో, నారాయణభట్టు అను పండితునికి నందంపూడి గ్రామమును దానముగా ఇచ్చెను. సంస్కృతమందును, కన్నడ ప్రాకృత పైశాచికాంధ్ర భాషలయందును ఆయన కవి యని శాసనము కీర్తించుచున్నది. ఆ శాసనమును రచించినవాడు నన్నయభట్టు. మహాభారతమును తెనిగింప పూనిన ఆదికవియే ఈయన. ఇంతవరకు సాహిత్య చరిత్ర చదివిన ప్రతివారికిని తెలియును. కాని శాసనము చివర మరియొక పేరు కూడ ఉన్నది. కర్త నన్నయభట్టు అని చెప్పి, లేఖకుడు గండాచార్యుడు అని చెప్పుచున్నది. మన దృష్టి ఎప్పుడును మొదటి పేరు మీదనే నిలిచినది. ఈ ప్రసంగమునకు రెండవ పేరే ముఖ్యము.

గండాచార్యుని పేరు ఇచ్చట ఒక్కచోటనే కాదు. గౌతమి తూర్పు ఒడ్డున కపిలేశ్వరపురము దగ్గర కోరుమిల్లి యున్నది. అక్కడ దొరకిన రాజరాజు శాసనమందును లేఖకుడు గండాచార్యుడే. దాని కర్త మాత్రము చేతనభట్టు. కవి మారినను లేఖకుడు మారలేదు. గోదావరీ మండలమందలి చెల్లూరులో దొరకిన వీరచోడుని శాసనమున కర్త విద్దయభట్టు, లేఖకుడు పెన్నాచార్యుడు. ఆచార్య శబ్దము శిల్పులకును, లోహకారులకును పేరు చివర వచ్చుట ఆ కాలపు వాడుక. కావున ఈ లేఖకులు కేవలము వ్రాయసగాండ్రు కారు; లోహము పని యెరిగినవారని భావించుట తగును. ఇతర రాజవంశముల శాసనములు కొన్నింటిలో లిఖితమని యొకరి పేరును, ఉత్కీర్ణమని మరియొకరి పేరును వేరువేరుగా కనబడుచున్నవి. వ్రాయుట వేరు, చెక్కుట వేరు అను తెలివిడి మన దేశమున అంత పాతది.

ఆ పని యెట్లు జరిగెడిదో శాసనములే చెప్పుచున్నవి. రాగిని సాగగొట్టి రేకు చేయుదురు. అంచులను కొంచెము పైకి లేపుదురు. ఒక రేకు మరియొకదానిపై ఒరసికొనినను అక్షరములు అరుగకుండుటకు ఇది ఉపాయము. మొదటి రేకు వెలుపలి ముఖమును, చివరి రేకు వెలుపలి ముఖమును సాధారణముగా వట్టివిగా విడుతురు. రేకు పలుచనైనచో, ఉలి లోతుగా దిగినచో, అక్షరము వెనుకవైపునకు ఉబ్బును. కడియమునకు రంధ్రము చేయు తావున పంక్తిని విరిచి అక్షరములను ప్రక్కకు జరుపవలెను. కనుక ఎన్ని పంక్తులు పట్టును, ఒక్కొక్క పంక్తిలో ఎన్ని అక్షరములు పట్టును, అక్షరమెంత పెద్దది కావలెను అను లెక్క ఉలి పట్టుటకు ముందే తేలవలెను. ఈ లెక్కయే లేఖకుని విద్య.

తప్పు వచ్చినచో ఏమి చేసెడివారు? తాటాకుపై గంటముతో వ్రాయునపుడు తప్పు పడిన, ఆ ఆకును తీసివేసి మరియొకటి వ్రాయవచ్చును. రాగిపై అది సులభము కాదు. తప్పిన అక్షరమును సుత్తితో కొట్టి అణచి, దానిమీదనే సరియైన అక్షరమును చెక్కిన జాడలు పెక్కు శాసనములలో ఉన్నవి. వేయి సంవత్సరములు గడచినను ఆ దిద్దుబాటు కనబడుచునే యున్నది. లోహము తప్పును సహించును గాని మరచిపోదు. అందుచేత దిద్దుబాటు అంతయు లోహమునకు ముందే జరుగవలెనను నియమము పుట్టినది. రాజముద్ర విషయమున జాగ్రత్త మరియు ఎక్కువ. దొంగశాసనములను కూటశాసనములనిరి, వాటిని కల్పించినవారికి ధర్మశాస్త్రములు ఘోరమైన దండనములు విధించినవి. లాంఛనము ఎవరిది, దానిని వేయు అధికారము ఎవరిది అను ప్రశ్న ఆనాడే కలదు.

పందెమునకు బహుమానముగా ఇచ్చు పాత్రపై గురుతు వేయుట కూడ ప్రాచీనాచారమే. క్రీస్తునకు పూర్వము 6వ శతాబ్దిలో ఏథెన్సు నగరమున అథీనా దేవి పేర జరిగిన ఉత్సవములలో, గెలిచినవారికి ఓలివు నూనెతో నిండిన మట్టి జాడీలను ఇచ్చెడివారు. ఒక ముఖమున ఆయుధపాణియైన అథీనా మూర్తి, అది ఏథెన్సు బహుమానమని తెలుపు వ్రాత. రెండవ ముఖమున గెలిచిన పందెము చిత్రము. ఇచ్చినవారి లాంఛనమొకవైపు, గెలిచిన ఆట ఒకవైపు. నేటి కప్పు రేకుపై మనము వేయించునదియు ఇంతే. లోహపు కప్పులు, వాటిపై చెక్కిన పేర్లు ఆంగ్లేయుల కాలమున పాఠశాలల మూలమునను, క్రీడాసంఘముల మూలమునను మన దేశమున వ్యాపించినవి.

అయితే పాత్రపై పేరు చెక్కించుట మన ఇండ్లలో ఆటలతో నిమిత్తము లేకయే పెరిగిన అలవాటు. వసిష్ఠ కావలి ఒడ్డున, తణుకు ప్రాంతమున, అజ్జరము ఇత్తడి సామానునకు పేరొందినది. బిందె కొన్నను, గుండిగ కొన్నను దానిమీద ఇంటివారి పేరు చెక్కించి కాని లోనికి తీసికొనిపోరు. పెండ్లిసారెలో పెట్టు పాత్రపై పిల్ల పేరు, ఇచ్చినవారి పేరు, తేదీ. కంచరి చిన్న ఉలిని నిలువుగా పట్టి, సుత్తితో తట్టుచు, చుక్క ప్రక్కన చుక్కగా అక్షరమును తెచ్చెడివాడు. పిమ్మట కరెంటు సూది వచ్చినది. స్టీలు సామాను అంగళ్లలో చూచుచుండగనే పేరు కొట్టి యిచ్చుట మొదలైనది. ఈ పనిలో బొమ్మ వేరు, చెక్కడము వేరు కాదు. కంచరి మనస్సులోనే అక్షరము రూపుగొని చేతి మీదుగా పాత్రపైకి దిగెడిది. గండాచార్యుని రెండు పనులును అతడొక్కడే చేసెను.

అచ్చు వచ్చిన పిమ్మట ఆ రెండు పనులు విడిపోయినవి. జర్మనీలోని హాలే పట్టణమున బెంజమిన్ షుల్జ్ 1746, 1747 సంవత్సరములలో తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. తెలుగు అచ్చు పుస్తకములకు అవియే మొదలు. అచ్చక్షరము కావలెనన్న ముందుగా ఎవరో దానిని లోహముపై చెక్కవలెను. తెలుగునకు ఇది కష్టమైన పని. తలకట్టు, గుడి, ఏత్వము పైన, వత్తులు క్రింద. ఒక అక్షరము మూడంతస్తుల మేడ యగును. అచ్చుకూటమువారు వత్తులను వేరు ముక్కలుగా పోసి, అక్షరము క్రింద కూర్చెడివారు. కూర్పరి యజాగ్రత్తగా ఉన్నచో వత్తు దారి తప్పును. ఈ చిక్కు కంప్యూటరులోనికి కూడ ప్రవేశించినది. దానిని గురించి ముందు చెప్పెదము.

ఇక లేజరు సంగతి. దీని మూలసూత్రమును ఐన్‌స్టయిన్ 1917లో ప్రతిపాదించెను. 1960 మే 16న అమెరికాలో థియొడర్ మైమన్ కెంపు స్ఫటికముతో మొదటి లేజరును వెలిగించెను. 1964లో బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడు వాయువుతో పనిచేయు లేజరును కనిపెట్టినవాడు మహారాష్ట్రమందలి బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ అను భారతీయుడు. నేడు కప్పుల దుకాణములలో కొయ్య షీల్డును, అక్రిలిక్ ఫలకమును చెక్కుచున్న యంత్రములలో ఎక్కువభాగము ఈ తెగకు చెందినవి. దీని కిరణపు తరంగదైర్ఘ్యము సుమారు 10.6 మైక్రోమీటర్లు. కొయ్య, తోలు, అక్రిలిక్ దీనిని త్రాగి కాలును. మెరుగు పెట్టిన ఇత్తడి మాత్రము దీనిని చాలవరకు అద్దము వలె త్రిప్పికొట్టును. కావుననే రంగుపూత పూసిన ఇత్తడి రేకులు వాడుదురు. కిరణము పూతను ఊడ్చివేయగా క్రింది ఇత్తడి బంగారువన్నెతో కనబడును. వట్టి లోహముపైననే గురుతు పడవలెనన్న సుమారు 1.06 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యముగల ఫైబరు లేజరు కావలెను.

ఇందుచేత బొమ్మ సిద్ధపరచువాడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇది: చెక్కబోవునది దేనిపై? కాగితముపై నల్లగా గీసినది తెల్లని కొయ్యపై ముదురు రంగుగా వచ్చును. అదే గీత నల్లపూత రేకుపై లేతగా, మెరయుచు వచ్చును. గాజుపై తెల్లని మసకగా వచ్చును. ముఖచిత్రమేదైన చిహ్నములో ఉన్నదనుకొనుడు. దానిని ఉన్నదున్నట్లు నల్లరేకుపై చెక్కినచో నల్లని జుట్టు తెల్లబడి, ముఖము నల్లబడి, ఫోటోగ్రాఫరు చీకటిగదిలోని నెగటివు వలె ఉండును. కావున వెలుగునీడలను ముందే తారుమారు చేయవలెను. అక్రిలిక్ ఫలకమునకు వెనుకవైపున చెక్కి ముందునుండి చదువనెంచినచో కుడియెడమలను కూడ త్రిప్పవలెను. పూర్వము ముద్రల అచ్చు చేసినవానికి ఇది తెలిసినదే. ముద్రపై అక్షరము ఉబ్బి, సరిగా చదువుటకు రావలెనన్న అచ్చులో అది పల్లముగా, ఎదురుబొదురుగా ఉండవలెను గదా.

రెండవ ప్రశ్న: మూలచిత్రము ఎట్టిది? మన ఊళ్లలో సంఘముల చిహ్నము సాధారణముగా వాట్సాపులో ఒకరినుండి ఒకరికి పోయి పోయి చిక్కిన చిన్న ఫోటో రూపమున వచ్చును. దానిలో బొమ్మ చిన్న చిన్న చుక్కల గళ్లుగా ఉండును. అడ్డముగా 120 చుక్కలున్న బొమ్మను అంగుళము వెడల్పున చెక్కవలెననుకొందము. యంత్రము అంగుళమునకు 500 చుక్కల చొప్పున నడచునపుడు, బొమ్మలోని ఒక్కొక్క చుక్క పొడవున నాలుగు, వెడల్పున నాలుగు చుక్కల దిమ్మె యగును. గుండ్రని అంచు మెట్లమెట్లుగా చెక్కబడును. కాగితముపై రంగుల మాటున దాగిన ఈ మెట్లు లోహముపై దాగవు. దీనికి విరుగుడు బొమ్మను గీతలుగా మరల గీయుట. ఈ విధానమున కంప్యూటరు చుక్కలను కాక వంపులను జ్ఞాపకముంచుకొనును. కొన్ని బిందువులు, వాటి నడుమ గీత ఎటు వంగవలెనను లెక్క. ఫ్రాన్సులో 1960 ప్రాంతమున మోటారుకార్ల ఆకృతులకై సిట్రోయెన్ సంస్థలో కాస్తెల్జో, రెనో సంస్థలో బెజియే వృద్ధి చేసిన గణితమిది. ఇట్లు గీసిన బొమ్మను గోరంత చేసినను కొండంత చేసినను అంచు చెడదు.

యంత్రమే ఫోటోను గీతలుగా మార్చు ఉపాయములు కూడ కలవు. అవి తొందరకు పనికివచ్చును గాని నమ్మదగినవి కావు. మరకను కూడ బొమ్మయే యనుకొని యంత్రము దానిచుట్టు గీత గీయును. కొబ్బరిమట్ట ఈనెలన్నియు ముద్దయగును. పడవ తెడ్డు పడవలో కలసిపోవును. చేతితో మరల గీయువాడు మాత్రము ఇది మట్ట, ఇది తెడ్డు అని యెరిగి గీయును. అర్థము తెలిసి గీయుటకును, జాడ పట్టి గీయుటకును గల భేదమిదియే.

మూడవ ప్రశ్న: ఎంత పరిమాణమున చెక్కవలెను? పందిరికి కట్టు బ్యానరుపై 60 సెంటీమీటర్ల వెడల్పున చిహ్నమొకటి చక్కగా ఉన్నది. దానిని రేకుపై రెండున్నర సెంటీమీటర్లకు దించినచో 24 రెట్లు తగ్గును. బ్యానరుపై 2 మిల్లీమీటర్ల మందమున్న గీత రేకుపై మిల్లీమీటరులో పన్నెండవ వంతు మాత్రమే యగును. కిరణపు మొన సుమారు మిల్లీమీటరులో పదవ వంతు ఉన్న యంత్రమున ఆ గీత తన రూపముతో రాదు. గీతల నడుమ సందు అంతకన్న ఇరుకైనచో రెండు గీతలును ఒక్కటి యగును. కాబట్టి చిహ్నమును చిన్నది చేయుటయనగా కుదించుట కాదు, మరల ఆలోచించుట. ఏది విడువదగినది, ఏది విడువరానిది అని తేల్చుకొనవలెను. చిహ్నము చుట్టు వలయములో సూక్ష్మాక్షరములతో వ్రాసిన ఆశయవాక్యమును తీసివేయవచ్చును. సంఘమును గుర్తుపట్టించు పడవను తీసివేయరాదు. వేంగీ ముద్రలోని వరాహమునకు వెంట్రుకలు లేకున్నను అది వరాహమే గదా.

రంగులకు కూడ ఇదే న్యాయము. కిరణమునకు తెలిసినవి రెండే: కాల్చుట, కాల్చకుండుట. లోతు కొంత హెచ్చుతగ్గు చేయవచ్చును గాని పసుపు నీలములు రేకుపైకి రావు. ఆకుపచ్చ ప్రక్కన ఎరుపు కంటికి వేరుగా తోచును. నలుపు తెలుపులకు తెచ్చునపుడు రెండును ఒకే నీడయై కలసిపోవచ్చును. రెండు రంగుల నడుమ సన్నని సందు విడువవలెను. లేదా ఒకదానిని నిండుగా, మరియొకదానిని గీతలతో నింపవలెను. కరెన్సీ నోటుపై ముఖచిత్రమును పరిశీలించినచో నీడయంతయు సన్నని గీతలతోనే తెచ్చినట్లు కనబడును. అది కూడ చెక్కడపువారి విద్యయే.

తుదకు కొన్ని చిన్న జాగ్రత్తలు. ఒకదానిపై ఒకటి పడిన ఆకారములను కలిపి ఒకటి చేయవలెను. తెలియక రెండుమారులు పడిన గీతను తొలగింపవలెను. లేనిచో కిరణము ఆ దారినే రెండుమారులు పోయి లోతుగా కాల్చును. తెగిన గీతల కొనలను మూయవలెను. కోయవలసిన అంచును ఒక రంగుతోను, చెక్కవలసిన భాగమును మరియొక రంగుతోను గుర్తించి యీయవలెను. అన్నిటికన్న ముందు అసలు పరిమాణమున కాగితముపై అచ్చుతీసి, చేయి చాచినంత దూరమున పట్టి చదువవలెను. ఆ పిమ్మట తునుకపై ఒకమారు చెక్కి చూడవలెను. ఈ రెండు పరీక్షలకు పట్టునది కొద్ది సమయము; ఇవి లేకున్నచో పాడగునది కప్పు.

ఇప్పుడు తెలుగు అక్షరముల చిక్కునకు వచ్చెదము. రాష్ట్రస్థాయి అను మాటను తీసికొనుడు. ష క్రింద టవత్తు, రవత్తు చేరవలెను. పంక్తికి నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు ఇచ్చినచో వత్తునకు దక్కునది ఒక మిల్లీమీటరు కావచ్చును. అందులో దాని సున్నయంత కడుపు పూడిపోవును. ఇంగ్లీషు పెద్దక్షరములకు చాలిన ఎత్తు తెలుగునకు చాలదు. ఇది మొదటి చిక్కు. రెండవది ఫాంటుల చిక్కు. తెలుగునకు యూనికోడులో 1991లోనే స్థానము లభించినది. అయినను డీటీపీ కేంద్రములలో ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను దాచిన పాత ఫాంటుల వాడుక చాలకాలము సాగినది. ఆ ఫాంటు లేని యంత్రమున అదే ఫైలు తెరచినచో తెలుగు పోయి అర్థము లేని ఇంగ్లీషు గురుతులు వచ్చును. యూనికోడులో వ్రాసినను, తెలుగు కూర్పు తెలియని పాత సాఫ్టువేరులో వత్తులు విడిపోయి పొల్లులై ప్రక్కన నిలుచును. దీనికి విరుగుడు ఒకటే. అక్షరములు సరిగా కూడిన యంత్రముననే వాటిని గీతలుగా మార్చి పంపవలెను. గీతలైన అక్షరమునకు ఫాంటుతో పని లేదు. ఎక్కడ తెరచినను అట్లే యుండును. అయితే గీతలైన పిమ్మట దిద్దుట కష్టము. కనుక వర్ణక్రమమును ముందే చూచుకొనవలెను. రాగిరేకు నియమమే ఇది.

ఈ కొద్దిపాటి శ్రమకు వెరచి, తెలుగు వద్దు, ఇంగ్లీషే వేయుడని చెప్పుట సులభము. అట్లు చెప్పినప్పుడెల్ల ఒక చిన్న నష్టము కలుగుచున్నది. ఊరి పేరు, పిల్లవాని పేరు తన భాషలో లేని కప్పు ఇంటి అలమరలో చేరును. ఇంగ్లీషు వర్ణక్రమమున పేరు ఒకరికొక విధముగా తోచి, ణ న యగును, ళ ల యగును. నన్నయకాలపు లేఖకుడు ఊరి పొలిమేరలను సైతము పేరుపేరున చెక్కెను. నందంపూడిని ఆ శాసనము నందమపూండి యనినది. ఆ పేరు నాడు ఎట్లు పలికిరో మనకు తెలియుటకు కారణము ఆ చెక్కడమే. నేటి చిన్న రేకు రేపటి చరిత్రకారునికి ఆధారము కావచ్చునని తలచినచో ఈ పని చిన్నదిగా తోచదు. సంవత్సరము, స్థలము, పోటీ, గెలిచినవారి పేరు అను నాలుగింటిని చక్కగా చెక్కించి, ధనమిచ్చినవారి పేరును వాటికి లోబడి ఉంచుట న్యాయము.

లాంఛనాధికారమును గూర్చి కూడ ఒక మాట. సారనాథ సింహముల రాజ్యచిహ్నమును భారతదేశము 1950 జనవరి 26న స్వీకరించినది. 2005 నాటి చట్టము దాని యనుచిత వినియోగమును నిషేధించుచున్నది. ఒలింపిక్ వలయముల రక్షణకు 1981 నాటి నైరోబీ ఒడంబడిక కలదు. కప్పు ఘనముగా కనబడవలెనని వీటిని వేయించుట తగదు. ప్రతి సంఘమును తన ఊరి గురుతును తానే గీయించుకొనవచ్చును. పడవ, కొబ్బరిచెట్టు, గోదావరి పాయ ఇవన్నియు కోనసీమ సొత్తే.

క్రీడాలోకమున అమలాపురము పేరు నేడు దూరదేశములలో వినబడుచున్నది. 2000లో అచ్చట జన్మించిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2022 మే 15న బాంకాకులో థామస్ కప్పు గెలిచిన భారత జట్టులో ఉండెను. చిరాగ్ శెట్టితో కలసి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో బంగారు పతకము గెలిచెను. థామస్ కప్పు ఇంగ్లండునందలి పనివారు చేసిన వెండికప్పు. 28 అంగుళముల ఎత్తు. మూతపై ఆటగాని బొమ్మ. దానిని సర్ జార్జి థామస్ 1939లో ఇచ్చెనని తెలుపు అక్షరములు దానిపైననే చెక్కబడి యున్నవి. ఎనుబది సంవత్సరముల పిమ్మట దానిని ఎత్తిన చేతులలో ఒక జత చేతులు కోనసీమవి. అక్షరములు చెరగలేదు గనుకనే ఆ కప్పు ఎవరిచ్చినదో నేటికిని చూపరులందరికి తెలియుచున్నది.

ఉలి పోయి సూది వచ్చినది, సూది పోయి కిరణము వచ్చినది. పనిముట్టు మారినప్పుడెల్ల పని తేలికయైనదని అనుకొందుము. తేలికయైనది చెక్కుట మాత్రమే. ఏమి చెక్కవలెను, ఎంత చెక్కవలెను, ఏది విడువవలెను అను విచారము గండాచార్యుని నాటి వలెనే నేటికిని మనిషి మీదనే యున్నది. కావున పోటీలు జరుపు సంఘములవారికి మా మనవి ఇంతే. కప్పు బేరమునకు వెచ్చించు కాలములో కొంత బొమ్మకు కూడ వెచ్చింపుడు. గెలిచినవారి పేరును వారిచేతనే వ్రాయించి తెచ్చుకొనుడు. చిహ్నము మూలమును గీతల రూపమున ఒకమారు గీయించి, ఏటేట వాడుటకు భద్రపరచుకొనుడు. దానిని గీసినవాని పేరును కూడ ఎక్కడనైన ఒక మూల వేయింపుడు. నన్నయ ప్రక్కన గండాచార్యుని పేరు నిలిపిన నేల ఇది. ఆ మర్యాద ఇచ్చట క్రొత్తది కాదు.